పాత బస్టాండ్ దగ్గరి మా కాంప్లెక్స్ కూల్చి పన్నెండు అంతస్తులు కడతారట. సంతకం పెట్టాలా?

షట్టర్ నంబరు 14 | శనివారం, రాత్రి 9:40

నమస్కారం. కర్నూలు వాళ్లే కాదు, పాత కట్టడం కూల్చి కొత్తది కట్టించుకున్న అనుభవం ఉన్న వాళ్లెవరైనా చెప్పండి.

పాత బస్టాండ్ ప్రాంతంలో మాది మూడంతస్తుల వ్యాపార సముదాయం. పేరు రాయను, ఊరి వాళ్లకు ఎలాగూ తెలిసిపోతుంది. 1984లో కట్టింది. నలభై సెంట్ల స్థలం, 62 దుకాణాలు. కింద బట్టలు, చెప్పులు, స్టీలు సామాను. మొదటి అంతస్తులో ఇద్దరు పంటి డాక్టర్లు, ముగ్గురు దర్జీలు, ఒకప్పటి టైపు ఇన్‌స్టిట్యూట్ (ఇప్పుడు జిరాక్సు). రెండో అంతస్తులో పావురాలు. బేతంచెర్ల నాపరాయి పరిచిన మెట్లు మధ్యలో గుంట పడి, వాన వస్తే ఆ గుంటల్లో నీళ్లు నిలుస్తున్నాయి. పోయిన నెల సన్‌షేడ్ ముక్క ఒకటి ఊడి స్కూటర్ సీటు మీద పడింది. మనిషి మీద పడలేదు, అదే అదృష్టం.

ఇప్పుడొక బిల్డరు వచ్చాడు. రెండు సెల్లార్లు, పైన పన్నెండు అంతస్తులు. అందులో కింది రెండు అంతస్తులు దుకాణాలు, మిగతా పదిలో 96 ఫ్లాట్లు. మూడేళ్లలో ఇస్తానంటున్నాడు. కరపత్రం మీద 'ట్రాన్సిట్ ఓరియెంటెడ్ జీవనం' (అంటే రైలో బస్సో నడక దూరంలో ఉండే బతుకట) అని అచ్చు వేయించాడు. బొమ్మలో భవనం వెనక మెట్రో రైలు పోతూ ఉంది. కర్నూలులో!

62 మందిలో 41 మంది సంతకాలు పెట్టారు. నేను పెట్టలేదు. మా నాన్న 1986లో కొన్న దుకాణం, 180 చదరపు అడుగులు. పెట్టమంటారా, వద్దంటారా?

హంద్రీ గట్టు | శనివారం, రాత్రి 9:58

మెట్రో బొమ్మ వేసిన వాడికి సంతకం పెట్టకండి. అయిపోయింది.

చిల్లర లేదు | శనివారం, రాత్రి 10:25

నేను ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. నందికొట్కూరు, ఆత్మకూరు, కోడుమూరు, ఎమ్మిగనూరు, ఈ దారులన్నీ నా కాళ్లకు తెలుసు. అందుకని రైలు సంగతి పక్కన పెట్టి బస్సు సంగతి చెబుతాను.

మీ కాంప్లెక్సు ఎందుకు వెలిగిందో, ఎందుకు వెలవెలబోయిందో మీరు రాసినదాంట్లో లేదు. పాత బస్టాండులో పల్లె బస్సులు ఆగినన్నాళ్లూ మీ దుకాణాలకు జనం వెతుక్కుంటూ రాలేదు, బస్సు దిగితే ఎదురుగా ఉన్నది మీరే కనుక వచ్చారు. పెళ్లి బట్టలకు వచ్చే కుటుంబం అంటే ఆరుగురు ఆడవాళ్లు, ఇద్దరు ముసలివాళ్లు, ఒక చంటిబిడ్డ. వాళ్లు బస్సు దిగిన చోటి నుంచి ఎంత దూరం నడుస్తారో అంతవరకే బజారు. బస్టాండు మారింది, బజారు దాని వెనకే పోయింది. మీ రెండో అంతస్తులోకి పావురాలు వచ్చాయి.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లె వెలుగు బస్సుల్లో చార్జీ లేదు. బజారుకొచ్చే ఆడవాళ్లు పెరిగారని నా పాత డ్రైవరు మిత్రులు అంటున్నారు. ఆ బస్సు మీ ముందు ఆగుతుందా? బిల్డరును ఈ ఒక్క ప్రశ్న అడగండి. అంతస్తుల లెక్క తరువాత.

షట్టర్ నంబరు 14 | శనివారం, రాత్రి 10:41

అన్నా, మాట గుచ్చుకుంది కానీ నిజం. బోణీ వేళ చూస్తే ఇప్పుడు దుకాణం ముందు నిలబడేవి షేర్ ఆటోలే. వాటిలోంచి దిగే వాళ్లకంటే ఎక్కి వెళ్లిపోయే వాళ్లే ఎక్కువ.

నాపరాయి | ఆదివారం, ఉదయం 7:15

నేను నిర్మాణ ఇంజినీరును. బంధుత్వం లేదు, బిల్డరుతో లావాదేవీ లేదు. కాఫీ తాగుతూ ఒక లెక్క వేశాను, చూడండి.

నలభై సెంట్లు అంటే దాదాపు 1,600 చదరపు మీటర్లు. చదరంగా ఉందనుకుంటే ఒక్కో వైపు 40 మీటర్లు. మన రాష్ట్రంలో 18 మీటర్లు దాటితే ఎత్తైన భవనాల లెక్కలోకి వస్తుంది. అక్కడి నుంచి ఎత్తు పెరిగే కొద్దీ ముందు రోడ్డు వెడల్పు ఎక్కువ ఉండాలి, చుట్టూ వదిలే ఖాళీ పెరగాలి, అగ్నిమాపక శాఖ అనుమతి తప్పనిసరి. పన్నెండు అంతస్తులకు నలువైపులా పది మీటర్లు వదిలారనుకుందాం. 40లో రెండు పదులు తీసేస్తే 20. ఇరవై ఇంటు ఇరవై, 400 చదరపు మీటర్లు. మొత్తం స్థలంలో నాలుగో వంతు.

అంటే అంతస్తుకు 4,300 చదరపు అడుగులు. లిఫ్టులు, మెట్లు, నడవాలు తీసేస్తే మూడు వేల చిల్లర. మధ్యతరగతి వాళ్లు అడిగే 1,200 అడుగుల ఫ్లాట్లు రెండున్నర. పది అంతస్తులకు 25 నుంచి 28.

96 ఎక్కడి నుంచి వచ్చాయి?

ఇక దుకాణాలు. ఇప్పటి కట్టడం రోడ్డు అంచు దాకా, గోడకు గోడగా ఉంది. అందుకే కింద అన్ని షట్టర్లు పట్టాయి. కొత్తదాంట్లో కింది రెండు అంతస్తులను పోడియంలా, అంటే టవరుకు పీఠంలా, కాస్త వెడల్పు చేసే వీలున్నా, ఇప్పటిలా స్థలమంతా నిండదు. పోనీ ఏదోలా సర్దుతారు, మీకు 180 అడుగులు ఇస్తారు. కానీ ఎక్కడ? రోడ్డు ముఖం ఉన్న పది అడుగులూ, లోపలి నడవాలో లిఫ్టు వెనక ఉన్న పది అడుగులూ ఒకటేనా? దుకాణానికి వెల దాని వైశాల్యాన్ని బట్టి రాదు, ముఖాన్ని బట్టి వస్తుంది. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు.

సన్‌షేడ్ ఊడిందన్నారు కదా, దాని సంగతి కూడా. లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే పైన కాంక్రీటు పెచ్చులుగా లేస్తుంది. సన్‌షేడ్ వరకే ఉంటే మరమ్మతుతో పోతుంది. స్తంభాల్లో ఉంటే పోదు. కోర్ తీసి, అంటే స్తంభంలోంచి చిన్న కాంక్రీటు ముక్క తొలిచి తీసి, పరీక్ష చేయించారా? ఆ నివేదిక చూడకుండా కూల్చాలనీ వద్దనీ ఎవరన్నా, అది వట్టి ఊహే.

షట్టర్ నంబరు 14 | ఆదివారం, ఉదయం 11:02

ఇంజినీరు గారూ, మీ లెక్క తీసుకుని బిల్డరు ఆఫీసుకు ఫోన్ చేశాను. అవతలివాళ్లు మొదట నవ్వారు. తరువాత చెప్పారు: 96 అనేది పక్కన మూతపడి ఉన్న గోడౌను స్థలం కూడా కలిస్తే అట. అది కలిసిందా అంటే 'మాటల్లో ఉంది' అట. ఆ గోడౌను అన్నదమ్ములు ముగ్గురు. పదకొండేళ్లుగా ఒకరితో ఒకరికి మాటలు లేవు, కోర్టులో ఉన్నారు.

పరీక్ష నివేదిక లేదు. అడిగితే 'చూస్తే తెలియడం లేదా' అన్నారు.

దస్తావేజు | ఆదివారం, మధ్యాహ్నం 12:30

రిజిస్ట్రేషన్ పనుల్లో ఉన్నవాణ్ని. 41 మంది పెట్టిన సంతకం ఏ కాగితం మీద? ఒప్పుకోలు పత్రమా, డెవలప్‌మెంట్ ఒప్పందమా, లేక దానితో పాటు జనరల్ పవరాఫ్ అటార్నీ కూడానా? మూడింటికీ నేలకూ నింగికీ ఉన్నంత తేడా. మూడోదైతే మీ అవిభక్త వాటా (ఉమ్మడి స్థలంలో మీకున్న భాగం) అమ్మే అధికారం ఆయన చేతికి పోయినట్టే. పక్క స్థలం తేలకముందే, ప్లాను మంజూరు కాకముందే అది ఇవ్వకండి.

ఒప్పందంలో 'సమాన వైశాల్యం గల దుకాణం' అని రాస్తారు. ఒప్పుకోవద్దు. ప్లాను కాగితం జతపరచి, అందులో మీ దుకాణం నంబరు, అంతస్తు, రోడ్డు వైపు ముఖం ఎన్ని అడుగులు అనేది రాయించుకోండి. కట్టే మూడేళ్లూ మీకిచ్చే అద్దె ఎంత, నాలుగో ఏడు వస్తే ఎంత, పని ఆగిపోతే బ్యాంకు గ్యారంటీ ఏమిటి అనేది కూడా. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం కనుక రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదు తప్పదు. ఫ్లాట్లు కొన్నవాళ్ల నుంచి వసూలు చేసిన సొమ్ములో 70 శాతం ఆ కట్టడానికే వేరే ఖాతాలో ఉంచాలని 2016 చట్టం. అది కొన్నవాళ్లకు రక్ష. మీకు రక్ష మీ ఒప్పందమే.

తుంగభద్ర దాటినవాడు | ఆదివారం, మధ్యాహ్నం 1:10

మాది ఆదోని, ఉండేది కెనడాలోని వాంకూవర్‌లో. ఇక్కడ ఓక్‌రిడ్జ్ అని 1959లో తెరిచిన షాపింగ్ సెంటరు ఉండేది. చుట్టూ కార్ల మైదానం. 2009 ఆగస్టులో కెనడా లైన్ రైలు మొదలై దాని మూలనే స్టేషను వచ్చింది. ఆ తరువాతే ఆ 28 ఎకరాల్లో టవర్లు, రెండున్నర వేలకు పైగా ఇళ్లు, దుకాణాల కప్పు మీద తొమ్మిది ఎకరాల పార్కు అని ప్లాను వేశారు. 2020లో పాత మాల్ మూసి పని మొదలుపెట్టారు.

వరస గమనించండి. ముందు రైలు, తరువాత అంతస్తులు. మీ బిల్డరు ముందు అంతస్తులు కడతాడు, రైలును కరపత్రం మీద వేస్తాడు.

హంద్రీ గట్టు | ఆదివారం, మధ్యాహ్నం 1:22

28 ఎకరాలూ 40 సెంట్లూ ఒకే తక్కెడలో ఎందుకు పెడుతున్నారు స్వామీ?

నాపరాయి | ఆదివారం, మధ్యాహ్నం 2:05

ఆ ప్రశ్న సరైనదే. ముంబయి భెండీ బజారు తీసుకోండి. అక్కడ పదహారున్నర ఎకరాల్లో దాదాపు 250 శిథిల భవనాలు, 3,200 కుటుంబాలు, 1,250 దుకాణాలు. అన్నీ కలిపి ఒకే ముక్కగా చేశారు కనుకనే మధ్యలో వెడల్పు రోడ్లు వేయగలిగారు, టవర్లకు చుట్టూ చోటు దొరికింది. అంత చేసినా మొదటి టవర్లు చేతికి రావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఒక్క కాంప్లెక్సును విడిగా పీకి పన్నెండు అంతస్తులు నిలబెడితే దాన్ని పేట అనరు, కొబ్బరి చెట్టు అంటారు.

మీ కరపత్రంలోని ఆ 'ట్రాన్సిట్ ఓరియెంటెడ్' అనేదానికి జాతీయ విధానం 2017లో వచ్చింది. స్టేషను చుట్టూ 500 నుంచి 800 మీటర్ల పరిధిని, అంటే పది పన్నెండు నిమిషాల నడకను, ఒక్కటిగా తీసుకుని ప్లాను వేయాలంటుంది. అందులో స్టేషను అంటే రైలే కానక్కర్లేదు, బస్సు కూడా.

చిల్లర లేదు | ఆదివారం, సాయంత్రం 4:30

బస్సు కూడా అన్నారు కదా, నాకు ప్రాణం లేచివచ్చింది. బ్రెజిల్‌లో కురిటీబా అనే ఊళ్లో రైలు పెట్టే డబ్బు లేక 1974లో బస్సులకు విడిగా దారి కేటాయించారట. ఆ దారి పొడవునే ఎత్తు భవనాలకు అనుమతిచ్చి, లోపలి వీధుల్లో పొట్టి ఇళ్లే ఉంచారట. మా అమ్మాయి చదివి వినిపించింది. దూరమెందుకు, అహ్మదాబాద్‌లో జనమార్గ్ బస్సులు 2009 అక్టోబరులో మొదలయ్యాయి. ఆ నెలలో మనం ఏం చేస్తున్నామో అందరికీ గుర్తే.

షట్టర్ నంబరు 14 | ఆదివారం, సాయంత్రం 5:12

బురద ఎత్తుతున్నాం.

2009 అక్టోబరు 2, గాంధీ జయంతి. దుకాణం సెలవు. శ్రీశైలానికి దాదాపు పాతిక లక్షల క్యూసెక్కులు వస్తున్నాయని రేడియోలో చెబుతుంటే అది వేరే లోకం సంగతి అనుకున్నాం. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చాయి. నాలుగో రోజు షట్టరు ఎత్తడానికి గడ్డపార కావలసి వచ్చింది. దసరా అయిపోయింది, దీపావళి సరుకు అప్పుడే దించుకున్నాం. ధర్మవరం పట్టుచీరలు ఇటుకల్లా బిగుసుకుపోయాయి. మా నాన్న చీరల వంక చూడలేదు. అప్పుల ఖాతా పుస్తకం తీసుకుని మేడ మీదకు పోయి, పేజీకి పేజీకి మధ్య అగ్గిపుల్ల పెట్టి ఎండబెట్టాడు. సిరా కరిగి పేర్లు పోయాయి. పేర్లు పోయిన వాళ్లలో సగం మంది వాళ్లంతట వాళ్లే వచ్చి కట్టారు. మిగతా సగం ఇప్పటికీ నమస్కారం పెడతారు.

షట్టరు లోపలి వైపు ఏడడుగుల ఎత్తున నీటి గీత ఉంది. రంగు వేసినా మళ్లీ పైకి తేలుతుంది.

నాపరాయి | ఆదివారం, సాయంత్రం 5:40

ఏడడుగులా! అయితే రెండు సెల్లార్లు అంటున్న ఆ మనిషి ఆ గీత చూశాడా? కరెంటు ప్యానెల్, జనరేటరు, లిఫ్టు నియంత్రణ పెట్టెలు ఎక్కడ పెడుతున్నాడో డ్రాయింగు అడిగి తీసుకోండి. నీరు వస్తే సెల్లార్ కార్లు మునుగుతాయి, అది డబ్బు నష్టం. ప్యానెల్ మునిగితే పదో అంతస్తు ముసలమ్మ చీకట్లో మెట్లు దిగాలి. అలాంటి చోట ప్యానెల్ మొదటి అంతస్తులోనే ఉండాలి. సెల్లార్ బదులు నేల అంతస్తులో సగం వాహనాలకు వదిలేస్తే మంచిది, కానీ అప్పుడు దుకాణాల ముఖం ఇంకా తగ్గుతుంది. ఏదీ ఉచితంగా రాదు.

మేడ మీద అద్దె | ఆదివారం, రాత్రి 8:05

ఇంతసేపూ దుకాణాల వాళ్లే మాట్లాడుతున్నారు, పైన ఉండబోయే వాళ్ల మాట కూడా వినండి. నేను నర్సును. కల్లూరులో అద్దెకు ఉంటాను. రాత్రి డ్యూటీ దిగే వేళకు షేర్ ఆటో నిండితేనే కదులుతుంది, నిండకపోతే మనిషికి నలుగురి చార్జీ. బజారు నడిబొడ్డున, ఆసుపత్రికి బస్సు దొరికే చోట, ఒక గది, వంటిల్లు, బాల్కనీ ఉన్న ఇల్లు దొరికితే రేపే వస్తాను. నాలాంటి వాళ్లు మా వార్డులోనే ఆరుగురున్నారు. పాఠాలు చెప్పే వాళ్లు, బ్యాంకు కుర్రాళ్లు, పిల్లలు బెంగళూరులో ఉండి ఇక్కడ ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లు, అందరికీ కావలసింది చిన్న ఇల్లే.

బిల్డరు కరపత్రం నాకూ వచ్చింది. అన్నీ మూడు పడక గదులవే. ఒక్కో ఇంటికి రెండు కార్లకు చోటు. బస్సు దగ్గర అని చెప్పి ఇల్లు అమ్ముతూ రెండు కార్లకు చోటెందుకు? ఆ కార్ల కోసమే కదా ఆ రెండు సెల్లార్లూ!

నాపరాయి | ఆదివారం, రాత్రి 8:20

ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన మాటల్లో ఇదే అసలు మాట. నా పొద్దుటి లెక్క 1,200 అడుగుల ఇంటికి వేశాను. 450 అడుగుల ఇళ్లయితే అదే అంతస్తులో ఏడు పడతాయి. పన్నెండు అంతస్తులు అక్కర్లేదు. 18 మీటర్ల లోపు, దుకాణాలతో కలిపి ఐదంతస్తులు కట్టినా చాలు. వదిలే ఖాళీ బాగా తగ్గుతుంది కనుక నేలమీద కట్టడం వెడల్పవుతుంది. కచ్చితమైన సంఖ్య సర్వే కొలతలు, రోడ్డు వెడల్పు చూడకుండా చెప్పను కానీ, ఎత్తు తగ్గించి ఇళ్లు పెంచే దారి ఉంది. జనసాంద్రత అంటే ఎత్తు అని ఎవరు నేర్పారో మనకు. కొండారెడ్డి బురుజు చుట్టూ ఉన్న పాత వీధులు చూడండి, రెండంతస్తుల్లోనే కిక్కిరిసి బతుకుతున్నారు.

సి.క్యాంప్ పాత కాపు | ఆదివారం, రాత్రి 9:00

పెద్దవాణ్ని, ఒక మాట. 1953 అక్టోబరు 1న ఈ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆఫీసులకు గదుల్లేక గుడారాలు వేశారు. ఉద్యోగుల కోసం ఎ, బి, సి క్యాంపులు వెలిశాయి. మూడేళ్లు తిరగగానే రాజధాని హైదరాబాదుకు పోయింది. అప్పుడూ ఇలాగే 'ఇక మన ఊరు మారిపోతుంది' అని దుకాణాలు కట్టినవాళ్లు ఉన్నారని మా నాన్నగారు చెప్పేవారు. వస్తుందని చెప్పే దాన్ని నమ్మి కట్టకండి, వచ్చి ఉన్నదాన్ని చూసి కట్టండి.

ఇంకొకటి. సుంకేసుల నీళ్లు ఎండాకాలం రోజు మార్చి రోజు వస్తున్న ఇళ్లున్నాయి. పదో అంతస్తుకు ట్యాంకరు నీళ్లు ఎక్కించే ఖర్చు ఎవరు కడతారు? ముఖానికి అద్దాలు బిగిస్తారేమో కూడా చూసుకోండి, మన మే నెల ఎండకు లోపలున్న మనిషి అప్పడంలా వేగిపోతాడు. ముందు వసారా దించమనండి. మీ పాత కాంప్లెక్సుకు ఉన్న ఒకే ఒక్క మంచి లక్షణం ఆ వసారా.

దస్తావేజు | ఆదివారం, రాత్రి 9:25

అద్దెదారుల మాట ఎవరూ ఎత్తలేదు. 62 మంది యజమానులు సరే, పైన దర్జీలు ఎవరి కింద ఉన్నారు? గుడ్‌విల్ (చేరేటప్పుడు ఒకేసారి ఇచ్చే సొమ్ము) కట్టి చేరిన వాళ్లుంటే కూల్చే ముందు అది తేల్చుకోవాలి. లేకపోతే ఒక్కరు స్టే తెచ్చుకున్నా మీ మూడేళ్లు పదమూడేళ్లవుతాయి.

షట్టర్ నంబరు 14 | ఆదివారం, రాత్రి 10:10

పైన ముగ్గురు దర్జీలకు అద్దె కాగితాలున్నాయి. నాలుగో దర్జీ ఒకాయన ఉన్నాడు, ఆయనకు లేవు. ఆయనది గది కాదు, నేల అంతస్తులో మెట్ల కింది చోటు. 1991 నుంచి అక్కడే మిషన్ పెట్టుకుని జిప్పులు మారుస్తాడు, చీరలకు ఫాల్ కుడతాడు. వరద తరువాత తన మిషన్ కంటే ముందు మా షట్టరు దగ్గరి బురద ఎత్తిన మనిషి. ఎవరికీ అద్దె ఇవ్వడు, ఎవరూ అడగరు. మా కొట్లో చీర కొన్న ప్రతి ఆడపడుచూ ఫాల్ కోసం ఆయన దగ్గరికే వెళుతుంది. నిన్న అడిగాడు, కొత్తదాంట్లో మెట్ల కింద చోటుంటుందా అని. ఏం చెప్పాలో తెలియక టీ తెప్పించాను.

దస్తావేజు | ఆదివారం, రాత్రి 10:18

కాగితాల లెక్కలో ఆయన లేడు. వీధి వ్యాపారులకు 2014 చట్టం ఉంది కానీ ఆయన వీధిలో లేడు, మీ మెట్ల కింద ఉన్నాడు. మీరు రాయిస్తేనే ఉంటాడు.

చిల్లర లేదు | ఆదివారం, రాత్రి 10:30

14వ నంబరు గారూ, రేపు సోమవారం, జనం బాగా దిగే రోజు. ఉదయం ఏడింటికి మీ వసారాలో ఉంటాను. మీ ముందు ఎన్ని బస్సులు పోతున్నాయి, ఎన్నిటిని ఆపడానికి చోటుంది, ఎంతమంది దిగి మీ వైపు వస్తున్నారు, పది గంటల దాకా లెక్కపెడదాం. ఆ లెక్కతో డిపోకు స్టాపు కోసం అర్జీ రాద్దాం. కాగితం, పెన్ను నేనే తెస్తాను, పాత అలవాటు.

షట్టర్ నంబరు 14 | బుధవారం, రాత్రి 9:15

ఆలస్యానికి క్షమించండి. కండక్టరు అన్న చెప్పినట్టే వచ్చారు. లెక్క అయింది, అర్జీ ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. మిగతా ఇరవై మందిని కూర్చోబెట్టి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఎవరూ సంతకం పెట్టడం లేదు. సంతకం పెట్టిన వాళ్లలో తొమ్మిది మంది తమ కాగితం నకలు అడుగుతున్నారు. పెట్టింది ఒప్పుకోలు పత్రం మీద మాత్రమేనట, అంతవరకు నయం. కోర్ పరీక్షకు తలా ఇంత వేసుకుంటున్నాం. స్తంభాలు బాగుంటే మరమ్మతు, లేకపోతే ఐదంతస్తుల మాట. అదీ ఇంకా గొడవగానే ఉంది, స్టీలు సామాన్ల ఆయన పన్నెండు కంటే ఒక్కటి తగ్గినా ఒప్పుకోనంటున్నాడు.

బిల్డరు ఆఫీసు నుంచి డ్రాయింగు కూడా తెచ్చాను. మెట్ల కింద ఏముందో మొదట చూశాను. చిన్న చతురస్రం గీసి 'విద్యుత్ ప్యానెల్ గది' అని రాశారు.

నాపరాయి | బుధవారం, రాత్రి 9:32

నేల అంతస్తులోనా? ఏడడుగుల గీత ఉన్న చోటా? ఆ ప్యానెల్ అక్కడ ఉండటానికి వీల్లేదని రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి. పైకి మార్చాల్సిందే.

షట్టర్ నంబరు 14 | బుధవారం, రాత్రి 9:36

పెడతాను. అది పైకి పోతే ఆ చతురస్రం ఖాళీ అవుతుంది కదా?

నాపరాయి | బుధవారం, రాత్రి 9:37

అవుతుంది. మిషన్ కొలతలు పంపండి.